బుట్టతో వచ్చిన పంతులమ్మ

కవరు వచ్చి పది రోజులైంది. ఆ పది రోజులూ అది మోంబ్రాక్ ఊరి కచేరీలో, జనన మరణాల రిజిస్టరు కింద, సొరుగులోనే పడి ఉంది. అందులో ఏముందో ఊళ్లో ఇద్దరికే తెలుసు. ఒకరు కీళ్లవాతంతో మంచం దిగలేని మేయరు రూఫియాక్. రెండోవారు ఆయన బదులు కచేరీ పని చూస్తున్న బడిపంతులమ్మ అనాయిస్ వెర్దియే. బస్తీద్ వాళ్ల సిల్వాన్, పద్దెనిమిదేళ్లవాడు, ఏప్రిల్ పదహారున యుద్ధంలో జర్మన్ల మీద ఉత్తరాన జరిగిన పెద్ద దాడిలో చనిపోయాడు. ఆ మాట వాళ్లమ్మ ఫిలొమెన్‌కి చెప్పాల్సింది అనాయిస్. ఆమె చెప్పలేదు సరికదా, సర్కారు కవరు వచ్చిందట ఎవరిదని అడిగిన వాళ్లందరికీ సైన్యం గుర్రాలకి గడ్డి సేకరణ ఉత్తర్వు అని అబద్ధమాడింది.

నిన్న సాయంత్రం మేయరు మంచం మీంచే కేకలేశాడు. "శనివారం లోపల నువ్వు చెప్పకపోతే పోలీసు జవానుని పంపిస్తా. గుర్రం దిగకుండా గుమ్మంలోనే చదివేసి పోతాడు. బస్తీదమ్మకి అదే మర్యాద అనుకుంటే నీ ఇష్టం" అన్నాడు. అనడం అన్నాడు గానీ, ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇవాళ గురువారం. బడికి సెలవు. అనాయిస్ పొద్దున్నే లేచి మంచి కోటు వేసుకుంది, టోపీ పెట్టుకుంది, కవరు లోపలి జేబులో దాచుకుంది. తలుపు దాకా వచ్చి, మళ్లీ వెనక్కెళ్లి, మేకుకి వేలాడుతున్న బుట్ట తీసి చేతికి తగిలించుకుంది.

ఈ బుట్ట సంగతి కొత్తగా చదివేవాళ్లకి చెప్పాలి. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

చావు కబురు మేయరే స్వయంగా వెళ్లి చెప్పాలని రూలు. మొదటి మూడూ రూఫియాకే మోశాడు. మూడోది ఆయన సొంత మేనల్లుడిది. ఆ తర్వాతే ఆయన కాళ్లు పడిపోయాయి. అది వాతమో మరేమిటో ఎవరూ తరిచి అడగలేదు, పని మాత్రం అనాయిస్ నెత్తిన పడింది. ఆమె ఒకరోజు గుడ్ల కోసం వీధిలో నడిచి వెళ్తుంటే, కిటికీలోంచి చూసిన ఒక ముసలమ్మ తన కొడుకే పోయాడనుకుని ఉన్నచోటే కూలిపోయింది. కొడుకు నిక్షేపంలా ఉన్నాడు, పోయింది ముసలమ్మ. ఆ మర్నాటి నుంచి అనాయిస్ మామూలు పని మీద వస్తే చేతికి బుట్ట ఉంటుంది. కబురు తెస్తే చేతులు ఖాళీ. ఎవరూ దండోరా వెయ్యలేదు, గోడ మీద కాగితం అంటించలేదు. రెండు వారాల్లో ఊరంతా నేర్చేసుకుంది.

బుట్ట కనబడితే ఊరు ఊపిరి పీల్చుకునేది. అంతవరకే. ఊపిరి పీల్చుకున్నంత మాత్రాన పిలిచి కూర్చోబెట్టినట్టు కాదు. గుడ్లు అమ్మేవాళ్లు గుడ్లు చేతికివ్వరు, ప్రహరీ మీద పెట్టి లోపలికి పోతారు. ఏటి దగ్గర బట్టలుతికే ఆడవాళ్లు ఆమె వస్తే సర్దుకుని చోటిస్తారు, కావాల్సిన దానికంటే ఎక్కువ చోటే ఇస్తారు, మాట మాత్రం ఆపేస్తారు. రెండున్నరేళ్లలో పద్నాలుగు గుమ్మాలు తొక్కిందామె. ఆ పద్నాలుగు ఇళ్లవాళ్లకీ ఆమె మొహం చూస్తే ఆ రోజే గుర్తొస్తుంది, మిగతావాళ్లకి రాబోయే రోజు గుర్తొస్తుంది. ఆమెది ఈ జిల్లా కాదు. నా అన్నవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. రాత్రి వంట చేసుకుంటూ పొయ్యితో మాట్లాడుతుంది. ఈ మధ్య పొయ్యి తరఫున జవాబులు కూడా తనే చెప్పుకుంటోంది. అది తలుచుకుంటే ఆమెకే భయమేస్తుంది.

మరి కవరు జేబులో పెట్టుకుని బుట్ట ఎందుకు పట్టుకుంది? బస్తీద్ వాళ్ల ఇల్లు ఊరి చివర, మిట్ట మీద ఉంది. అక్కడికి వెళ్లాలంటే ఊరంతా దాటాలి. కొడుకులనీ మొగుళ్లనీ యుద్ధానికి పంపిన ఇళ్లు దారిలో పంతొమ్మిదున్నాయి. ఖాళీ చేతులతో నడిస్తే ఒక్క ఫిలొమెన్‌కి చెప్పడానికి పంతొమ్మిది మందిని చంపినట్టవుతుంది. అందుకే బుట్ట అని అనాయిస్ తనకు తాను చెప్పుకుంది. అబద్ధమేమీ కాదు. కానీ అసలు కారణం అది కాదు. ఒక్కసారి, ఈ ఒక్కసారి, తనని చూసి ఎవరైనా నవ్వుతూ తలుపు తీస్తే బాగుండునని ఆమెకి ప్రాణం కొట్టుకుపోతోంది. అదీ నిజం.

వీధిలో బుట్ట కనబడగానే కిటికీల్లో మొహాలు తేలికపడ్డాయి. ఎవరో పెరట్లో పాట కూడా అందుకున్నారు. పది రోజుల కిందటి కవరు గడ్డి గురించేనని ఇప్పుడు అందరికీ నమ్మకం కుదిరింది కాబోలు.

రైలు గేటు దగ్గర ఆంసెల్మ్ తాత బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు గేటు వేసి తీసినవాడు. ఊళ్లో ఆమెని పలకరించేది ఆయనొక్కడే. అదీ ఎందుకంటే, ఆయన చెప్పే సంగతి వినే మనిషి ఇంకెవరూ మిగల్లేదు.

"పదకొండు నిమిషాలకో బండి, పంతులమ్మా" అన్నాడు, ముందు రోజు ఆపినచోటి నుంచే అందుకుని. "పద్నాలుగో సంవత్సరం ఆగస్టులో, యుద్ధం మొదలైనప్పుడు. రాత్రీ పగలూ లెక్కపెట్టా. గుర్రాలు, ఫిరంగులు, కుర్రాళ్లు, మళ్లీ గుర్రాలు. ఇంజను మీద పూలు! చూసేవాళ్లు పెళ్లివారి బండి అనుకోవాలి."

"చెప్పారు తాతా."

"ఈ సంగతి చెప్పానా మరి? ఆ టైంటేబులు అప్పుడు రాసింది కాదు. మా స్టేషన్ మాస్టరు బీరువాలో సీలేసిన కవర్లో ఏళ్లతరబడి ఉంది. ఏ బండి ఎన్ని గంటలకి, ఏ స్టేషన్లో నీళ్లు పట్టాలి, గుర్రాలకి ఎక్కడ మేత వెయ్యాలి, అన్నీ. సరిహద్దు అవతల జర్మనోడి బీరువాలోనూ ఒకటుంది. వాళ్లది ఇంకా వివరంగా ఉంటుందట, వాళ్ల సంగతి తెలుసుగా! పేపర్లో ఎవరో రాకుమారుణ్ణి కాల్చారు అందుకని రాస్తారు, గనులకోసమని రాస్తారు, అప్పట్లో జర్మనోడు లాక్కున్న రెండు రాష్ట్రాల కోసమని నువ్వు బళ్లో చెబుతావు. నన్నడిగితే మాత్రం, మొదటి బండి కదిలాక ఆపాలంటే వెనకాల వెయ్యి బళ్లు గుద్దుకుంటాయి. ఏ రాజుకీ ఏ మంత్రికీ ఆపడం తెలీలేదు. తెలుసుకుందామని అనుకునే లోపల నాలుగు బళ్లు పోయాయి." తాత తుపుక్కున ఉమ్మాడు. "కవరంటూ రాసి పెట్టుకున్నాక ఎప్పుడో ఒకప్పుడు అది విప్పాల్సిందే."

అనాయిస్ చెయ్యి ఆమెకి తెలియకుండానే కోటు జేబు మీదికి పోయింది.

తాత ఆ చెయ్యి చూశాడు. తర్వాత కోటు చూశాడు, టోపీ చూశాడు.

"ఎక్కడికీ ప్రయాణం?"

"గుడ్లకి, తాతా. బస్తీదమ్మ దగ్గరికి."

"గుడ్లకా" అన్నాడాయన నెమ్మదిగా. "గుడ్లకి మంచి కోటు వేసుకున్నావు."

ఆమె బుట్ట మోచేతి మీదికి జరుపుకుని మిట్టదారి పట్టింది. పెద్దాయన ఇంకేమీ అడగకుండా తల మీది పాత రైల్వే టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమె మిట్ట ఎక్కి మలుపు తిరిగేదాకా మళ్లీ పెట్టుకోలేదు.

ఫిలొమెన్ బస్తీద్ మేకల కొట్టం ముందు పొయ్యి బూడిద పారబోస్తోంది. యాభై ఏళ్ల మనిషి, గట్టి ఎముక. మొగుడు పోయి పన్నెండేళ్లు. కూతురు ఎలోదీ పట్నంలో, ఆయుధాల కార్ఖానాలో, ఫిరంగి గుళ్లలో మందు కూరుతుంది. అలికిడికి తలెత్తిన ఫిలొమెన్ ముందు మనిషి మొహం చూడలేదు. చేతులు చూసింది. బుట్ట కనబడ్డాక అప్పుడు మొహం చూసింది.

"రా, రా పంతులమ్మా! బుట్ట తెచ్చావు కదా, ఇంకేం, రా. అక్కడే నిలబడ్డావేం? నా మేకలు పొడవవులే, అవి నాకంటే మర్యాదస్థులు" అంది నవ్వుతూ.

తలుపు తనే తీసి పట్టుకుంది. అనాయిస్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల చెస్ట్‌నట్ కాయలు ఉడికిన వాసన వేస్తోంది. పొయ్యి పక్కన కుర్చీ లాగి, దాని మీది పిల్లిని తోసి, ఆమెని కూర్చోబెట్టింది ఫిలొమెన్. బుట్ట తన చేత్తోనే అందుకుని బల్ల మీద పెట్టింది. చికోరీ కాఫీ గిన్నెడు పోసి, పైఅరలో కాగితం పొట్లంలో దాచిన చక్కెర ముక్క తీసి అందులో వేసింది.

"అయ్యో, అది సిల్వాన్ కోసం దాచారు కదమ్మా."

"వాడొచ్చేలోపు ఎలోదీ ఇంకోటి తెస్తుందిలే. తాగు. చిక్కిపోయావు. నీ మొహం ఇంత దగ్గర్నించి చూసి ఎన్నాళ్లయిందో!"

ఎవరో కాచినది, ఎవరో చేతికందించినది తాగి రెండున్నరేళ్లయింది. గిన్నె వేడి అరచేతులకి తగిలి అనాయిస్ ఒక్క నిమిషం అన్నీ మర్చిపోయింది. జేబులో కవరు సంగతి కూడా. తర్వాత గుర్తొచ్చి గిన్నె బల్ల మీద పెట్టేసింది. చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి, ఈ కాఫీ చివరికి రాకముందే చెప్పెయ్యాలి అనుకుంది.

"అమ్మా, నేను..."

"ఉండు. గుడ్లు ఎక్కడికీ పోవు. నీతో నాకో పని పడింది." ఫిలొమెన్ బల్ల సొరుగులోంచి మడత కాగితం తీసింది. "శనివారం వచ్చింది, వాడి ఉత్తరం. చదివి పెట్టు."

అనాయిస్ కాగితం విప్పింది. తారీఖు చూసింది. ఏప్రిల్ పదిహేను. దాడికి ముందు సైన్యంవాళ్లు ఉత్తరాలన్నీ ఆపేస్తారని, ఇరవై రోజులకి వదులుతారని ఆమెకి తెలుసు. బతికున్నప్పటి ఉత్తరం చావు కాగితం కంటే వెనకొచ్చింది. ఆ వంకర అక్షరాలు ఆమె నేర్పినవే. ఎన్నిసార్లు వేళ్ల మీద కొట్టినా వాడి గీతలు పైకే ఎక్కేవి.

గొంతు సవరించుకుని చదవసాగింది.

"అమ్మా, నేను బానే ఉన్నా. వాన పడుతోంది. మన నల్లమేక ఈనిందా? పిల్లకి నా పేరు పెట్టకు, అది కూడా మాట వినదు. మా వెనకాల ఫిరంగులు తొమ్మిది రోజుల్నించి ఆగకుండా మోగుతున్నాయి. మొదట్లో చెవులు మూసుకున్నాం, ఇప్పుడు ఎసరు తెర్లుతున్నట్టుంది, దాని పాటికది. ఒక్కో ఫిరంగి మన ఊరికీ పట్నానికీ ఉన్నంత దూరం కొడుతుంది. కొట్టేవాడికి తగిలేవాడు కనపడడు. తగిలేవాడికి కొట్టేవాడు కనపడడు. అక్కకి చెప్పు, నెత్తిమీంచి గుండు పోయినప్పుడల్లా ఇది మా అక్క నింపిందేమోనని టోపీ తీసి దణ్ణం పెడుతున్నా. పక్కవాళ్లు నాకు పిచ్చి అంటున్నారు. రేపు మేం కందకంలోంచి పైకెక్కాలి, శత్రువు మీదికి. ముందు ఫిరంగులు అంతా చదును చేసేస్తాయి, మీరు ఊరికే నడుచుకుంటూ పోవడమే అని ఆఫీసరు చెప్పాడు."

ఫిలొమెన్ గుడ్డ ముక్కతో బల్ల తుడుస్తోంది, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.

అనాయిస్ కళ్లు కింది పేరాలోకి జారాయి. అక్కడ ఇలా ఉంది: "అమ్మా, ఒక్క మాట. నేను సైన్యంలో చేరినప్పుడు ఆ ఒప్పుదల కాగితం మీద నీ గుర్తు నేనే పెట్టా. సంతకం రానివాళ్లలా శిలువ గీశా. పంతులమ్మ చూసి, మీ అమ్మకి సంతకం వచ్చు కదరా, నేనే కదా నేర్పించాను, అని అడిగింది. అమ్మకి చెయ్యి బెణికిందని చెప్పా. ఆవిడ నమ్మలేదు. నాకు తెలుసు నమ్మలేదని. కానీ స్టాంపు కొట్టింది. ఆవిణ్ణి ఏమీ అనకు, నేనే వెంటబడి బతిమాలాను. ఇది చెప్పకుండా పైకెక్కితే నాకు నిద్రపట్టదు."

అవును. పోయినేడు జూన్‌లో సంగతి. వాడికప్పుడు పదిహేడేళ్లు. తల్లి ఒప్పుదల లేనిదే చేర్చుకోరు. యుద్ధానికి ముందు, పదమూడో సంవత్సరం చలికాలంలో ఇదే బల్ల దగ్గర, ఇదే పొయ్యి ముందు, అనాయిస్ ఫిలొమెన్‌కి పేరు రాయడం నేర్పింది. నెలన్నర పట్టింది. వచ్చాక ఫిలొమెన్ ఆ పేరు గోధుమ పిండి మీద రాసింది, కొట్టం తలుపు మీద సుద్దతో రాసింది, కనపడ్డ వాళ్లందరికీ చూపించింది. ఆ మనిషి శిలువ గీస్తుందా? కాగితం చూసిన క్షణానే అనాయిస్‌కి తెలుసు. తెలిసే స్టాంపు కొట్టింది.

ఆ తల్లికి చదవడం రాదు. పేరు రాయడం తప్ప ఇంకో అక్షరం గుర్తుపట్టలేదు. ఈ నాలుగు లైన్లు దాటేస్తే అడిగేవాళ్లు లేరు. ఇవాళే కొడుకు పోయాడని వినబోయే మనిషికి ఇది కూడానా? ఎవరికోసం చదవాలి? తనకి తాను ఇలా నచ్చజెప్పుకుంటూ, అందులో సగం తన కాఫీ గిన్నె కోసమేనని తెలిసి కూడా, అనాయిస్ కింది లైనుకి దూకింది.

"నువ్వు మోకాళ్లకి మందు రాసుకో. కొట్టం తలుపు నేనొచ్చాక బాగుచేస్తా. నీ సిల్వాన్."

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"ఇంకోసారి చదువు."

ఆమె మళ్లీ చదివింది. అక్కడికొచ్చేసరికి మళ్లీ దూకింది. ఈసారి గొంతు కూడా తడబడలేదు.

ఫిలొమెన్ గుడ్డ ముక్క మడిచి పక్కన పెట్టింది.

"ఆదివారం ఎలోదీ వచ్చింది" అంది. "అది చదివినప్పుడు ఇంకో నాలుగు లైన్లున్నాయి."

పొయ్యిలో కట్టె చిటపటమంది.

"నాలుగు రోజుల్నించి నీకోసం చూస్తున్నా. ఖాళీ చేతుల్తో రానీకు దేవుడా అని దణ్ణం పెట్టుకోవడం, బుట్టతో వస్తే మాత్రం కూర్చోబెట్టి చదివించాలనుకోవడం. చదువుతావనుకున్నా, పంతులమ్మా. నా మనసులో నువ్వు చదివేశావు. చదివి ఏడిస్తే, పోనీలే అని ఇంకో గిన్నె కాఫీ పొయ్యాలనుకున్నా. రెండోసారి కూడా చదివించింది అందుకే."

"అమ్మా..."

"ఎందుకు కొట్టావు ఆ స్టాంపు?"

"నమ్మాను" అంది అనాయిస్. అంతకంటే మంచి మాట దొరకలేదు. "ఇరవై ఏళ్లు పిల్లలకి పటం చూపించానమ్మా. ఆ రెండు రాష్ట్రాలూ ఊదారంగు మచ్చలా ఉంటాయి. కర్రతో ఆ మచ్చ మీద కొట్టి ఇది మనది, లాక్కుపోయారు, తిరిగి తెచ్చుకోవాలి అని చెప్పాను. నాకూ చిన్నప్పుడు అలాగే చెప్పారు. సిల్వాన్ వచ్చి, మీరు చెప్పిన పనే చేస్తానంటున్నాను కదా, మీరే ఆపుతారా అన్నాడు. నాకు సిగ్గేసింది. నేను చెప్పినదాన్ని ఒకడు నిజంగా నమ్మాడని... గర్వం కూడా అనిపించింది. అబద్ధం చెప్పను."

"ఇప్పుడు చెప్పవా! ఇందాక రెండుసార్లు చెప్పావుగా!"

అనాయిస్ ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది.

"ఆ మచ్చ ఎంతుంటుంది?" అడిగింది ఫిలొమెన్.

"ఏమిటమ్మా?"

"పటంలో. ఎంతుంటుందంటున్నా."

అనాయిస్ బొటనవేలు చూపించింది.

ఫిలొమెన్ ఆ వేలికేసి చూసింది. "నా కూతురి చేతులు చూశావా నువ్వు? పసుప్పచ్చగా అయిపోయాయి. జుట్టు కూడా. మందు కూరి కూరి. రోజుకి పన్నెండు గంటలు కూరుతుంది, ఇంకా చాలట్లేదని ఫోర్‌మన్ తిడతాడట. ఎక్కడికి పోతాయే ఇన్ని గుళ్లు అని అడిగా. జర్మనోళ్ల మీదికి అంది. వాళ్లకెక్కణ్ణించొస్తాయే అన్నా. వాళ్లకీ కార్ఖానాలున్నాయమ్మా, అక్కడా నాలాంటి ఆడపిల్లలే కూరతారు, వాళ్ల చేతులూ ఇలాగే ఉంటాయేమో అంది. ఇక్కణ్ణించి నా కూతురు కూరుతుంది, అక్కణ్ణించి ఎవత్తి కూతురో కూరుతుంది, మధ్యలో బురదలో నా కొడుకు! ఇదీ యుద్ధమంటే. ఎవడు మొదలెట్టాడు, ఎందుకు మొదలెట్టాడు? నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

అనాయిస్‌కి గేటు దగ్గర తాత మాటలు గుర్తొచ్చాయి, బళ్లో తన మాటలు గుర్తొచ్చాయి, పేపర్లో రాసిన మాటలు గుర్తొచ్చాయి. ఈ వంటింట్లో వాటిలో ఒక్కటీ చెప్పదగినదిగా లేదు.

"నాకు తెలీదమ్మా."

"తెలీదు" అంది ఫిలొమెన్. "తెలీకుండా స్టాంపు కొట్టారు."

ఇంతవరకూ నువ్వు అన్న మనిషి మీరు అంది. అనాయిస్‌కి అది చెంపదెబ్బలా తగిలింది. ఫిలొమెన్ లేచి వెళ్లి తలుపు తెరిచింది.

"ఇంక వెళ్లండి. వాడు రానీ. ఈ నెలాఖరుకి సెలవిస్తారని ఎలోదీ చెప్పింది. వచ్చాక చెవి పట్టుకుని మీ బళ్లోకే లాక్కొస్తా, మిమ్మల్నీ వాణ్ణీ పక్కపక్కన నిలబెట్టి ఇద్దర్నీ కలిపి తిడతా. తిట్టాక క్షమిస్తానేమో, చెప్పలేను. వాడు వచ్చేదాకా నా గడప తొక్కొద్దు."

వాడు రానీ. ఆ రెండు మాటలకి అనాయిస్ గుమ్మంలోనే ఆగింది. ఇప్పుడు చెప్పాలి. చెప్పాలని నోరు తెరిచింది కూడా. ఫిలొమెన్ మొహం నిండా కోపం ఉంది, ఎర్రగా, వేడిగా, బతికున్న కొడుకు మీద తల్లికి ఉండే కోపం. అది ఇంకొక్క నిమిషం ఉంటే పోయేదేముంది? ఆ నిమిషం కోసం అనాయిస్ ఏమీ అనకుండా గడప దాటింది. తలుపు వెనకాల ధడాలున మూసుకుంది.

వాకిట్లో ఎండ పడుతోంది. నల్లమేక తన పిల్లని నాకుతోంది. అనాయిస్ నాలుగడుగులు వేసి, చేతులు మరీ తేలిగ్గా ఉన్నాయేమిటా అనుకుంది. బుట్ట లోపలే ఉండిపోయింది, బల్ల మీద.

ఆమె తలెత్తేసరికి ఆలస్యమైపోయింది. కింద మొదటి ఇంటి పెరట్లో దుప్పటి ఆరేస్తున్న కోడలు మిట్టకేసి చూసింది. ముందు మొహం చూడలేదు. చేతులు చూసింది. దుప్పటి అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది. కిటికీ తలుపు పడింది. ఆ పక్కింటి కిటికీ పడింది. తర్వాత వీధి పొడుగునా ఒకటి వెనక ఒకటి చెక్క తలుపులు పడుతూ పోయాయి, రైలు గేటు దాకా, అక్కణ్ణించి బడి దాకా. ఇందాక పాట పాడిన గొంతు ఆగిపోయింది. పంతొమ్మిది ఇళ్లలోనూ ఇప్పుడు తలుపు వెనకాల ఎవరో ఒకరు నిలబడి ఉంటారు, తన గుమ్మం దగ్గర అడుగులు ఆగుతాయేమోనని. ఈ చేతులతో ఆమె కిందికి దిగితే ఒక్కొక్క గుమ్మం దాటేదాకా ఒక్కొక్కరి ప్రాణం పోయి వస్తుంది.

ఆగిపోవాల్సిన గుమ్మం మాత్రం ఒక్కటే. అది వెనకే ఉంది.

అనాయిస్ జేబులోంచి కవరు తియ్యలేదు. టోపీ సరిచేసుకోలేదు. వెనక్కి తిరిగి నాలుగడుగులు నడిచి తలుపు తట్టింది.

లోపల చెక్క బూట్ల చప్పుడు. "తెలుసు, తెలుసు, బుట్ట మర్చిపోయారు" అని విసుగ్గా అంటూ వస్తోంది ఫిలొమెన్. "గుడ్లు కూడా పెట్టా. కోపం కోపమే, గుడ్లు గుడ్లే."

తలుపు తెరుచుకుంది. ఫిలొమెన్ బుట్ట ముందుకి చాపింది. అందులో అరడజను గుడ్లు, గడ్డి మీద సర్ది, గుడ్డ కప్పి ఉన్నాయి.

"ఇదిగో, తీసుకోండి."

అనాయిస్ కదల్లేదు.

"తీసుకోండి అంటున్నా."

అప్పుడు ఫిలొమెన్ ఆమె మంచి కోటు చూసింది, టోపీ చూసింది. ఆమె భుజం మీదుగా ఊరికేసి చూసింది. పట్టపగలు మూసేసిన కిటికీలన్నీ చూసింది. చివరికి ఆమె చేతులు చూసింది.

బుట్ట వణకసాగింది. గుడ్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేశాయి.

"తీసుకోవే" అంది ఫిలొమెన్. గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. "తీసుకోవే తల్లీ, నీకు దణ్ణం పెడతా. స్టాంపు సంగతి ఇంకెప్పుడూ ఎత్తను. మాటంటే మాటే. ఈ బుట్ట ఒక్కటి పట్టుకో."

అనాయిస్ చేతులు కిందికే వేలాడుతున్నాయి, ఖాళీగా.